కొండూరు వారి పుస్తకాలు

కోట సంతలో పాత పుస్తకాల కుప్ప ముందు మా అవ్వ నాగులమ్మ గొంతుక్కూచుంది. ఆమెకు చదువు రాదు. అయినా అట్టల మీద వేలు ఆనించి వెతికి, ఒక పుస్తకం లాగింది. రాసినాయన ఇంటిపేరు కొండూరు. మాదీ అదే.

ఇంట్లో రేకుపెట్టె నిండా ఇలాంటివే. హోమియో వైద్యం, ఊరగాయలు, జాతకాలు, అన్నీ ఎవరో కొండూరు వారు రాసినవి. మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేనే కాబట్టి, నా కోసమే కొంటోందని మురిసిపోయేదాన్ని.

“లోపల ఎవురుండారు మే?” ఎప్పుడు కొన్నా అదే ప్రశ్న.

“మేకలుండాయి. మేకల పెంపకం పుస్తకం ఇది,” అని నవ్వాను. “వీళ్లెవురూ మనోళ్లు కాదవ్వా. ఇంటిపేరొకటే కలిసింది. ఇంక కొనబాక.”

“మనుషుల కోసం ఎవురు ఎతికినారు?” అంది అవ్వ. “మీ నాయన పడవ ముందర ఈ అచ్చరాలే రాయించినాడు. తుపాను నాడు నిన్ను చంకనేసుకోని ఒడ్డున నిలబడి, వచ్చిన ప్రతి పడవా చూసినా. అందరియీ వచ్చినాయి. ఈ అచ్చరాలు రాలా. ఇప్పుడు కంటికి కనబడితే వదిలేసి ఎట్ట పోయేది?”

నీళ్లలోంచి తీసినదాన్ని తుడిచినట్టు పుస్తకాన్ని కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది.

“సరిగ్గా చూసి చెప్పు మే. లోపల ఎవురుండారు?”

ఈసారి మేకలని చెప్పలేకపోయాను. అట్ట తెరిచి, ఒక్కో పేజీ వెతకడం మొదలుపెట్టాను.