తిలకం మచ్చలు

మందులకు లొంగని తామర బెజవాడనంతా చుట్టేసింది, చెమట పట్టని ఏసీ మేడల్ని తప్ప. అలాంటి మేడలో పాచిపని చేసే నాంచారికి ఆ చల్లదనానికి తామర మాని ఒళ్లు నున్నబడింది. బస్తీలో తెలిస్తే ఓర్వరని, రోజూ చేతుల మీద తిలకంతో మచ్చలు దిద్దుకుని నీళ్ల ట్యాంకరుకి వెళ్లేది. మచ్చ కనపడితే పని పోతుందని మేడ గేటు ముందు కడిగేసుకునేది.

ఆ రోజు ట్యాంకరు ఆలస్యమైంది. వరసలో అందరూ బరబరా గోక్కుంటున్నారు.

"గంట నుంచి చూత్తన్నా, ఒక్కసారన్నా గోక్కోలేదేంటే?" అంది ఎదురింటి పున్నమ్మ.

నాంచారి గబుక్కున గోక్కుంది. గోళ్లకి తిలకం అంటుకుంది.

ఇద్దరు ఆమె రెక్కలు పట్టుకున్నారు. పున్నమ్మ తన చెమట తువ్వాలుతో నాంచారి మెడా చేతులూ నింపాదిగా రుద్దింది.

"రేపట్నుంచి తిలకం దండగ లేదులేవే."