నిలవని ముల్లు

మీటరులో ముల్లు సున్నా దగ్గర నిలవడం లేదు.

కృపావరం మీటరు పెట్టెను నేలమీద పెట్టి చేతులు తీసేశాడు. ముల్లు లేచింది. కాసేపు ఆగింది. పడిపోయింది. మళ్లీ లేచింది.

"ఏందిరా అది, కల్లు తాగినట్టు ఊగుతా ఉంది?" అన్నాడు మేస్త్రీ జానకిరామయ్య.

"నేను ముట్టుకోలా బాబాయ్. దానంతటదే."

1986 మే నెల. రెంటచింతల దగ్గర సున్నపురాయి క్వారీ. ముందురోజు మధ్యాహ్నం మూడింటికి చరియ విరిగిపడింది. పేలుళ్లకు తీగ వెయ్యడానికి దిగిన కోటిలింగం దాని కింద చిక్కుకున్నాడు. రాత్రంతా పదిహేనుమంది మట్టి తవ్వారు. తెల్లవారేసరికి లారీ అంత బండ అడ్డం వచ్చింది. పలుగులకు కదల్లేదు.

క్రేన్ రావడానికి రెండు రోజులు పడుతుంది. తూటా పెట్టి పగలగొడితే గంట పని.

కోటిలింగం భార్య సీతారావమ్మ ఒప్పుకోలేదు.

"లోపల బతికుంటే ఆ పేలుడుకే పోతాడు గదన్నా."

జానకిరామయ్య నీళ్ల మోటారు ఆపించాడు. అందరినీ నోరు మూసుకోమన్నాడు. పలుగుతో బండ మీద కొట్టి చెవి ఆనించాడు. మూడుసార్లు అలా చేశాడు.

"ఏం వినపళ్లేదమ్మా. కిందంతా మట్టి కూరుకుపోయింది. ఈ ఎండకి రెండు రోజులుంచితే నువ్వు మొగం గూడా చూడలేవు."

"ఇంకో పూట ఆగన్నా. నీ కాళ్లు పట్టుకుంటా."

"పన్నెండు దాకా ఆగుతా. ఈలోపు లోపల్నించి చిన్న ఆనవాలు దొరికినా తూటా పెట్టను. సరేనా?"

ఆమె బండకు ఎదురుగా కూర్చుంది. ఈలోపు తూటా పెట్టడానికి బండకు బెజ్జం కొట్టడం మొదలుపెట్టారు.

క్వారీలో ఉన్నది ఒక్కటే తీగ, రెండు పాయలది. పైన రేకుల షెడ్డు నుంచి వచ్చి బండ కిందికి దూరింది. లాగితే రాలేదు. అందుకని బండ దగ్గరే తొక్క ఒలిచి, తూటాను పేల్చే డిటోనేటరు కలపాలి. కలిపేముందు మీటరు పెట్టి చూడటం పద్ధతి. రెండు పాయలూ ఒకదానికొకటి తగలకుండా ఉంటే ముల్లు సున్నా మీద ఉంటుంది. తగిలితే లేస్తుంది. తగులుతున్న తీగతో తూటా పేలకపోవచ్చు. పేలని తూటా దగ్గరికి మళ్లీ ఒక మనిషి వెళ్లాలి.

మాచర్లలో మోటార్లు బాగుచేసే కృపావరాన్ని పిలిపించింది అందుకే.

అతను మీటరులో సెల్లు మార్చాడు. ముల్లు అలాగే ఉంది. తీగ బిగించే మరలు గరుకు కాగితంతో రుద్దాడు. అలాగే ఉంది. మీటరు నుంచి తీగ ఊడదీశాడు. ముల్లు సున్నా దగ్గర పడుకుంది.

"మీటరు మంచిదే. జబ్బు తీగకుంది."

షెడ్డు దాకా తీగను తడుముకుంటూ వెళ్లాడు. రెండు అతుకులు కనపడ్డాయి. విప్పి కొత్త టేపు చుట్టాడు. మళ్లీ మీటరు కలిపాడు. ముల్లు లేచింది.

"ఏమంటందయ్యా నీ మిషను?" అని అడిగింది సీతారావమ్మ.

"ఏం లేదక్కా. బండ కింద మట్టికి తీగ తడిసినట్టుంది. ఆరితే సర్దుకుద్ది."

పది దాటాక ముల్లు లేవడం తగ్గింది. పదకొండున్నరకు ఎప్పుడో ఒకసారి లేస్తోంది. లేచినా ఎక్కువసేపు ఆగడం లేదు.

"చెప్పలా? ఆరుతా ఉంది" అన్నాడు కృపావరం.

"వడియాలంట్రా, ఆరేదాకా కావలి కూర్చోటానికి? బండ కిందికి పోయే ముక్క కోసి పారెయ్."

పన్నెండయింది. జానకిరామయ్య మళ్లీ పనులన్నీ ఆపించి బండకు చెవి ఆనించాడు. లేచి, సీతారావమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇద్దరు ఆడవాళ్లు ఆమెను పైకి తీసుకెళ్లారు.

కృపావరం బండ అంచు దగ్గర కటింగ్ ప్లేయరుతో తీగ కోశాడు. మీటరు పెట్టాడు. రెండు నిమిషాలు చూశాడు. ముల్లు కదల్లేదు.

"ఇప్పుడు బాగుంది బాబాయ్."

పన్నెండూ ఇరవైకి తూటా పేలింది. బండ నాలుగు ముక్కలైంది.

రెండు గంటలకు మట్టిలోంచి కోటిలింగాన్ని బయటికి తీసినప్పుడు, అతని కుడిచేతి వేళ్ల మధ్య, పళ్లతో తొక్క ఒలిచిన రెండు తీగ కొసలు ఉన్నాయి.