ముందుగది కొలత

"చెప్పులు అక్కడే విడవండి సర్వేయర్ గారూ. ఇప్పుడే తుడిచాను," అంది ఇంటావిడ గుమ్మంలో నిలబడి.

ఆ 'గారూ'లో మర్యాద కంటే కారమే ఎక్కువ. సర్వేయర్ చెప్పులు విడిచాడు. టేపు పట్టుకుని, కొలతల్లో సాయం చేసే చైన్‌మన్ వచ్చాడు. ఆ వెనకే, ఎవరూ పిలవకపోయినా, పక్కింటి మందుల షాపాయన వచ్చాడు. ఆయన సొంత టేపు తెచ్చుకున్నాడు.

వీధిని వెడల్పు చేస్తున్నారు. రోడ్డు మధ్య నుంచి ఇరవై అడుగుల లోపల ఏమున్నా కొట్టేస్తారు. పొద్దుట్నుంచీ వరసగా ఒక్కో ఇల్లూ కొలుస్తున్నారు. షాపాయన మెట్లు మూడూ పోయాయి.

"మావి పోయాయి, సరే. ఇక్కడ మాత్రం అంగుళం వదిలినా ఊరుకోను. పై ఆఫీసుకి కాగితం పెడతాను," అన్నాడాయన.

"కట్టేటప్పుడు ఒక్కరూ ఇటు తొంగిచూడలేదు. కొలిచేటప్పుడు మాత్రం టేపులేసుకుని వచ్చేస్తారు," అంది ఆవిడ. తర్వాత సర్వేయర్ వైపు తిరిగింది. "అంత పెద్ద ఆఫీసులో ఇంకెవరూ దొరకలేదా? మిమ్మల్నే పంపాలా?"

"ఈ వీధి నాకొద్దని రాసిచ్చానమ్మా. తిప్పి పంపారు."

సర్వేయర్ ఫారం తీశాడు. ఏ గది ఎప్పుడు కట్టారో అందులో రాయాలి.

"అదంతా నా నోటితోనే చెప్పించాలా?"

"ఇంటివాళ్లు చెప్తేనే రాయాలమ్మా."

"అయితే రాసుకోండి. మేం కొన్నప్పుడు ఇది ఒకటే గది. పైన రేకులు. వానొస్తే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేలమీదే ఉండేవి, వండుకోడానికి ఒక్కటీ మిగిలేది కాదు. రెండో ఏడు వంటిల్లు. అయిదో ఏడు రేకులు తీసి స్లాబ్ వేశాం. ఆ కిటికీ ఊచలు మా ఆయనే లేత్ షాపులో చేసుకొచ్చారు. ఒక ఊచ పొట్టిదయింది. మార్చుదాం, మార్చుదాం అంటూనే పోయారు."

సర్వేయర్ రాస్తున్నాడు. కిటికీ వైపు తల తిప్పలేదు.

మధ్య గదిలోంచి వంటింట్లోకి వెళ్లే గుమ్మం ఎత్తు తక్కువ. సర్వేయర్ తల వంచుకుని దాటాడు. చైన్‌మన్ నుదురు ఠంగుమంది. సర్వేయర్లకి కళ్లే టేపులు మరి. చైన్‌మన్ మాత్రం పాపం టేపునే నమ్ముకున్న మనిషి.

చివరికి అందరూ ముందుగదిలోకి వచ్చారు. అసలు కొలత ఇక్కడే.

"ఇది ఎప్పటిదమ్మా?" అన్నాడు సర్వేయర్.

"ఆరేళ్ల నుంచీ కడుతున్నాం. ఒక ఏడు పునాది. ఒక ఏడు కిటికీల దాకా గోడలు. రెండేళ్లు ఏమీ లేదు, మొండిగోడల మధ్య బట్టలారేసుకున్నాను. పోయినేడు స్లాబ్. నిన్న సాయంత్రం రంగు."

సర్వేయర్ గోడకి వేలు ఆనించాడు. ఇంకా పూర్తిగా ఆరలేదు.

"ఇందులో ఎవరుంటారు?" ఫారంలో ఉన్న ప్రశ్నే. అయినా ఫారంలోంచి తలెత్తకుండానే అడిగాడు.

"మా అబ్బాయి. పెళ్లి కుదిరింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. నేను రెండూ ఒకేసారి నెత్తికెత్తుకున్నాను."

పేరు ఆవిడ చెప్పలేదు. అతనూ అడగలేదు.

చైన్‌మన్ రోడ్డు మధ్య నుంచి టేపు లాగాడు. గుమ్మం దాటింది, గది మధ్యకి వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. వెనక గోడకి అడుగు దూరంలో ఆగింది. షాపాయన తన టేపు కూడా లాగి చూశాడు. అంతే వచ్చింది. ఆయనకీ ఇప్పుడు సంతోషంగా లేదు.

"అడుగు మిగిలింది," అంది ఆవిడ నెమ్మదిగా. "అడుగు గదిలో ఎవరిని కాపురం పెట్టను? చీపురునా?"

ఆవిడ గుమ్మంలోంచి రోడ్డు వైపు చూసింది.

"కాస్త జరపలేరా? రోడ్డుకి అటుపక్క ఖాళీ స్థలమేగా."

"గీత పై ఆఫీసులోనే గీసేశారమ్మా. నేను చూపించడానికే వచ్చాను."

"నేను సంతకం పెట్టకపోతే?"

"పెట్టలేదని రాసుకుంటాను. గీత మాత్రం అక్కడే ఉంటుంది."

అతని ముఖంలోకి ఆవిడ చూసింది. తిడితే పడేలా ఉన్నాడు. కొట్టినా పడేలా ఉన్నాడు. అలాంటి మనిషిని ఏం చేస్తాం? ఫారం లాక్కుని సంతకం పెట్టేసింది.

ఇక గుర్తు వేయాలి. చైన్‌మన్ ఎర్ర రంగు డబ్బా మూత తీశాడు గానీ కుంచె ముట్టుకోలేదు.

"నా వల్ల కాదు సార్," అన్నాడు.

సర్వేయరే కుంచె తీసుకుని, టేపు ఆగినచోట పక్కగోడ ముందు కూర్చున్నాడు. కొత్త రంగు మీద నిలువుగా గీత గీశాడు. గీత కాస్త వంకరపోయింది. షాపాయన దగ్గరకొచ్చి చూశాడు. టేపు జేబులో పెట్టేసుకున్నాడు.

"సరిగ్గానే ఉందిలే," అని వెళ్లిపోయాడు.

ఆఫీసు వేళ దాటింది. చైన్‌మన్ డబ్బా, టేపు, ఫారాలు సంచిలో సర్దుకున్నాడు. సర్వేయర్ ఇంకా గోడ ముందే కూర్చున్నాడు. వేళ్లకంటిన ఎర్ర రంగుని గుడ్డతో తుడుస్తున్నాడు. అది వదలడం లేదు.

ఇంటావిడ దగ్గరకొచ్చి, అతని చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుంది.

"డ్యూటీ అయిపోయిందిగా, ఇక లేచి లోపలికి రారా, పొద్దున కూడా నాకు ముఖం చూపించలేక తినకుండా వెళ్లిపోయావు."