సార్ కొట్టిన గోలు

"సార్ పోవల్లంటే మమ్మల్ని తొక్కుకుంటా పోవల్ల!"

అరిచింది ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ నఫీసా. కోడుమూరు దగ్గరి ఆ హైస్కూలు గేటుకు అడ్డంగా పదకొండు మంది ఆడపిల్లలు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. గేటు బయట ఆటో ఆగి ఉంది. అందులో ఒక ట్రంకుపెట్టె, పరుపుచుట్ట. గేటు లోపల వాటి యజమాని, పీఈటీ వీరభద్ర సార్, ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

హెడ్మాస్టర్ దేవేంద్రప్ప బతిమాలాడు. "సార్ ప్రమోషన్ మీద పోతాండాడు కదమ్మా. పెండ్లాం బిడ్డలుండే కమలాపురానికే. ఎనిమిదేండ్లుగా వారం వారం బస్సుల్లో పడి పోయొస్తాండాడు. నవ్వుతా పంపీల్ల గానీ, ఇట్ల సేస్తారా?"

"ప్రమోషన్ వద్దని కాగితం రాసిస్తే ఈడనే ఉండొచ్చంట. మా నాయన కనుక్కొచ్చినాడు," అంది నఫీసా.

గోల్ కీపర్ స్తుతి గేటు ఊచ పట్టుకుని తల వంచుకుంది. తొమ్మిదో తరగతికి రాకుండా కూలికి పోతున్న తన కోసం సార్ నాలుగుసార్లు పత్తి చేలోకి వచ్చాడు. నాలుగోసారి అమ్మ విశ్వాసమ్మ విసుగుపడి, "పిల్లని తోలకపోతే ఈ సారు మన చేన్లోనే కాపురం పెట్టేట్టుండాడు," అని బడికి పంపింది. అట్లాంటి సార్ ఇప్పుడు వెళ్లిపోతున్నాడు.

నఫీసా లేచి నిలబడింది. "సరే సార్. పందెం. ఒక్క పెనాల్టీ కొట్టండి. గోల్‌లో స్తుతి నిలబడతాది. గోలైతే దారి ఇడుస్తాము. స్తుతి ఆపిందంటే మాత్రం మీరు కాగితం రాసియ్యల్ల."

సార్ ముఖం పాలిపోయింది. "నేనా? మోకాలు నొప్పమ్మా..."

"ఒక్క తన్నే కదా సార్!" వరండాల్లోంచి బడి మొత్తం అరిచింది.

"జిల్లా కప్పు తెచ్చిన కోచ్ మీరు. కొట్టి పోండప్పా, బస్సుకు టైమైతాంది," అన్నాడు హెడ్మాస్టర్.

సార్ పిల్లల ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. "సరే. మాటంటే మాటే. ఆపితే రాసిస్తా," అన్నాడు.

అందరూ మైదానంలోకి నడిచారు. స్తుతి అరచేతులకు మట్టి రుద్దుకుని గోల్‌లో నిలబడింది. జిల్లా పోటీలన్నింటిలో రెండంటే రెండే గోల్స్ వదిలిన పిల్ల. ఆపాలి. ఆపితే సార్ ఉంటాడు. బంతిని కాదు, కొట్టేవాళ్ల అడుగును చూడమని ఆయనే నేర్పాడు. ఆ అడుగు మీదే కళ్లు నిలిపింది.

సార్ పరుగెత్తాడు. మధ్యలో అడుగు తడబడింది. బొటనవేలితో పొడిస్తే జట్టులోంచి తీసేస్తానని మొదటిరోజే బెదిరించే మనిషి, బొటనవేలితోనే బంతిని పొడిచాడు.

స్తుతికి తెలిసిపోయింది. ఈ కాలు ఎన్నడూ బంతిని తన్నిన కాలు కాదు.

సార్ ఎప్పుడూ బంతిని చేత్తో తెచ్చి చేత్తోనే పెట్టడం, నేల మీద సున్నంతో గీతలు గీసి ఎవరెక్కడ ఉండాలో చూపించడం, మ్యాచ్ చూస్తూ పుస్తకంలో ఏదో రాసుకోవడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తనకు రాని ఆటను చదివి, చూసి, గుండెకు ఎక్కించుకుని, చెప్పుల్లేని పిల్లలకు కప్పు వచ్చేంత నేర్పాడు ఈ మనిషి!

బంతి తప్పిపోయిన మేకపిల్లలా అటూ ఇటూ ఊగుతూ ఆమె పాదాల వైపే వస్తోంది. కదలకుండా నిలబడితే చాలు, తగిలి ఆగిపోతుంది. సార్ ఉండిపోతాడు. కానీ బడి మొత్తం చూస్తోంది. ఇంత మెత్తటి బంతి ఆగితే, నవ్వుతారు. సార్‌ను చూసి నవ్వుతారు.

స్తుతి ఎడమవైపుకు ఎగిరి దూకింది.

దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి బంతి నింపాదిగా గీత దాటింది.

"గోల్!" వరండాలు దద్దరిల్లాయి. "సూసినారా సారు దెబ్బ! కీపర్ని ఎట్ల బోల్తా కొట్టిచ్చినాడో!" హెడ్మాస్టర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

సార్ వచ్చి స్తుతిని లేపి, మోచేతి మీది మట్టి దులిపాడు. "ఎంత గట్టి బంతొచ్చినా నువ్వు ఇట్ల తప్పు దూకింది ల్యాదే స్తుతీ," అన్నాడు మెల్లగా.

"మీ షాట్ అట్ల ఉండాది సార్."

ఆయన ఆమె తల మీద చేయి పెట్టి, కాసేపు అట్లే ఉంచి, ఆటో వైపు నడిచాడు. ఇచ్చిన మాట ప్రకారం పిల్లలు గేటు తెరిచారు. ఆటో బస్టాండు మలుపు తిరిగేదాకా చేతులు ఊపుతూనే ఉన్నారు.

స్తుతి కళ్లు తుడుచుకుంది. ఏడుపులోనూ ఒక తృప్తి. సార్ రహస్యం తన ఒక్కదానికే తెలుసు. చచ్చేదాకా ఎవరికీ చెప్పదు.

వెనక నుంచి ఎవరో జడ పట్టి లాగారు. నఫీసా. కళ్లనిండా నీళ్లు, ముఖమంతా కోపం.

"ఎందుకు దూకితివే ఆపక్కకు?"

"సార్ శానా గట్టిగా కొట్టె కదా..."

"గట్టిగానంట గట్టిగా! సారుకు బంతి తన్నేది రాదని నీకు తప్ప జట్టు మొత్తానికీ తెలుసు. అందుకే కదే నేను పందెం పెట్టింది!"