మూడో క్లచ్ ప్లేటు

ఏడాది తిరక్కుండా ఇది మూడో క్లచ్ ప్లేటు.

సాలమోను కారు కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చి, ఊడదీసిన ప్లేటును బంగారయ్యగారి ఇంటి అరుగు మీద పెట్టాడు. దాని మీది పూత మొత్తం అరిగిపోయి మేకులు బయటపడ్డాయి. కమురు కంపు కొడుతోంది. యుద్ధంలో బర్మా సరిహద్దున మిలిటరీ లారీలకు నాలుగేళ్ళు మరమ్మతులు చేసి వచ్చి, అమలాపురంలో షెడ్డు పెట్టుకున్న మనిషి సాలమోను. అడవి బురదలో ఈడ్చిన లారీలకు కూడా క్లచ్ ఇంత అన్యాయంగా అరగడం అతను చూడలేదు.

"చూసేవా? మళ్ళీ తినేసేవు!" అన్నారు బంగారయ్యగారు, డ్రైవరు కొండలరావు కేసి తిరిగి. "మద్రాసు నుంచి పార్సిలు రావడానికి ఇరవై రోజులు పట్టింది. ఈ ఇరవై రోజులూ మామిడికుదురు బజార్లో నా పరువేం కావాలి?"

బంగారయ్యగారు కొబ్బరికాయల వర్తకులు. కాకినాడలో ఒక తెల్లదొర సీమకు పోతూ పోతూ అమ్మేసిన కారును ఈయన కొన్నారు. చుట్టుపక్కల పది ఊళ్ళలో కారున్నది ఆయనకొక్కరికే. ఆ సంగతి తెలియనివాడు ఒక్కడు మిగిలినా ఆయనకు నిద్ర పట్టదు.

కొండలరావు తల వంచుకు నిలబడ్డాడు. లారీ మీద క్లీనరుగా చేరి డ్రైవింగు నేర్చుకోక ముందు అతను పదేళ్ళు పడవలు లాగాడు. తాడు భుజానికి వేసుకుని కాలవగట్టు వెంట మైళ్ళకు మైళ్ళు నడిచాడు. కూర్చుని చేసే ఉద్యోగం దొరికిన రోజున భార్య కృష్ణవేణి వీధి వీధంతా బెల్లం ముక్కలు పంచింది. ఇది పోతే మళ్ళీ ఆ తాడే గతి.

"సాలమోనూ, ఉన్నమాట చెప్పు. క్లచ్ ఎందుకరుగుతుంది?"

"పెడలు మీంచి కాలు పూర్తిగా తియ్యకుండా, సగం తొక్కిపట్టి కారుని అంగుళం అంగుళం జరిపితే అరుగుద్దండి. సవ్యంగా తోలితే ఇది అయిదేళ్ళు రావాలండి."

"విన్నావా? ఇంక నువ్వు రేపట్నించి..."

"ఒక్క మాటండి," అని అడ్డుపడ్డాడు సాలమోను. కొండలరావును చూస్తే అతనికి జాలేసింది. జాలి సంగతి ఎలా ఉన్నా, ఇందులో ఏదో పొసగడం లేదు. టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి. అంటే కారు దూరాలు తిరగలేదు. వెనక సీటు మీద మరక కాదు కదా, చిన్న ముడత కూడా లేదు. ఎంత అపురూపంగా చూసుకుంటున్నారో అనుకున్నాడు.

"తమరు బయల్దేరినప్పుడు ఎప్పుడైనా కాలిన వాసన వచ్చిందాండి?"

"నాకెప్పుడూ రాలేదయ్యా."

"స్పీడుగా తోల్తాడాండి?"

"నేనుండగా స్పీడా? వాడికంత ధైర్యమే!"

అయితే ఆయన లేనప్పుడు ఇంకెవరో చెయ్యి పెడుతున్నారు. మజ్జిగ తెచ్చిన ఇల్లాలు వీరాయమ్మగారిని సాలమోను అడిగేశాడు.

"ఇంట్లో ఎవరైనా చాటుగా డ్రైవింగు నేర్చుకుంటున్నారాండి?"

"మాకా సరదాలెక్కడివి నాయనా! ఒకటి మాత్రం చెప్పాలి. ఈ కారొచ్చేక ఈయన ఒంటికి ఎంత మేలు చేసిందో! పూర్వం అన్నం సయించేది కాదు. ఇప్పుడు బజారుకెళ్ళొచ్చేరంటే చాలు, మారు వడ్డించాల్సిందే."

బంగారయ్యగారు మీసం దువ్వుకున్నారు.

"సరే సాలమోనూ. ఎవరి మూలాన అరిగిందో నువ్వే తేల్చు. వాడెవడైనా సరే, ఈ జన్మలో నా కారెక్కనివ్వను. మురమళ్ళ వీరేశ్వరస్వామి మీద ఒట్టు!"

కొబ్బరి మొద్దుల మీద ఎత్తి నిలిపిన కారు కిందికి సాలమోను మళ్ళీ దూరాడు. సరుగుడు కర్రను నున్నగా చెక్కి, కొత్త ప్లేటు కన్నంలో దూర్చి, ప్లేటు సరిగ్గా మధ్యకు వచ్చేలా నిలిపి బోల్టులు బిగించాడు. గేరుబాక్సుకు మోకు కట్టించి, ఇద్దరు మనుషుల చేత పైకి లాగించి, దాని చోట దాన్ని కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం మూడయ్యేసరికి పని తెమిలింది.

అప్పుడు కొండలరావు చేత రాజోలు రోడ్డున రెండు మైళ్ళు తోలించి చూశాడు. కాలవ వంతెన ఎక్కేటప్పుడు కూడా కారు ఒక్క కుదుపు కుదపలేదు. గేరు ఎప్పుడు మారిందో తెలియనే లేదు. మిలిటరీలో కూడా ఇంత చక్కటి డ్రైవర్లను సాలమోను ఎక్కువమందిని చూడలేదు.

"ఇంత బాగా తోల్తున్నావు కదయ్యా. మరి దీని ప్రాణం తీస్తున్నదెవరు?"

కొండలరావు కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"నా నోటితో నేను చెప్పకూడదండి. సాయంత్రం అయ్యగారు బజారుకి బయల్దేరతారు. ఒక్కసారి మీరూ కార్లో కూచోండి. మీకే తెలుస్తుందండి."

నాలుగున్నరకు బంగారయ్యగారు జరీ ఉత్తరీయం వేసుకుని, అత్తరు పూసుకుని, కిర్రుచెప్పులతో వాకిట్లోకి వచ్చారు. తనూ వస్తానని సాలమోను అడిగితే సంతోషించారు.

"ఆయ్, తప్పకుండా రా. ముందు సీట్లో కూర్చుని, వీడి కాలు మీంచి చూపు తిప్పకు. దొంగ దొరకాలి ఇవాళ."

సాలమోను ఎక్కి కూర్చున్నాడు. కొండలరావు ఇంజను స్టార్టు చేసి, క్లచ్ తొక్కి మొదటి గేరు వేసి, కాలు అలాగే ఉంచి, దేవుణ్ణి తలుచుకున్నాడు.

అయ్యగారి కోసం వెనక తలుపు తెరుద్దామని సాలమోను దిగబోతుంటే, బంగారయ్యగారు "కూర్చో కూర్చో, నేను లోపల కూచుంటే ఈ కారు నాదని నలుగురికీ ఎలా తెలుస్తుందయ్యా?" అంటూ కారు ముందుకొచ్చి, ఏడాదిగా రోజూ చేస్తున్నట్టే దాన్ని వెనకాల రమ్మని చెయ్యి ఊపి, బజారు కేసి తీరిగ్గా నడక సాగించారు.