బాధితుడి పరువు

డాక్టర్ రజనీకుమారి లైసెన్సు ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా భిలాయిలో ఆపరేషన్లు చేస్తున్న మనిషి, విచారణ సంఘం గది బయట బెంచీ మీద పరీక్ష తప్పిన పిల్లలా కూర్చుంది.

నేరం చిన్నది కాదు. ఉక్కు ప్లాంటులో పనిచేసే నరసింగరావుకు గత చలికాలం ఆమె ఆపరేషన్ చేసి, రాళ్ళు నిండిన పిత్తాశయం తీసేసినట్టు రికార్డు ఉంది. కంపెనీ మెడికల్ కార్డు మీద చేసిన వైద్యం. తీరా ఏడాదికోసారి ప్లాంటులో జరిపే ఆరోగ్య పరీక్షలో స్కానింగ్ తీస్తే, పిత్తాశయం ఉన్నచోటే నిక్షేపంగా కనిపించింది. ఆ సంగతి చెప్పగానే నరసింగరావుకు నోట మాట రాలేదట. పాపం, ఎవరికి మాత్రం వస్తుంది?

కబురు పొక్కి విలేకరి సూర్యప్రకాష్ చెవిన పడింది. మర్నాడే పత్రికలో "జానెడు కోశారు, ఏమీ తీయలేదు!" అని అచ్చయింది. పక్కనే అరపేజీ రజనీకుమారి ఫోటో. తీసిన పిత్తాశయానికి ల్యాబు రిపోర్టు ఉందని ఆమె మొత్తుకుంటే, ఏ మేకదో పంపి ఉంటారని ఇంకో వార్త రాశాడు. బాధితుడి ఫోటో మాత్రం ఎక్కడా వేయలేదు. ఆయన పరువు కాపాడటం పత్రికా ధర్మమట. డాక్టరుకు కూడా పరువు ఉంటుందని ఆ ధర్మంలో ఎవరూ రాసినట్టు లేదు.

ఫిర్యాదు రాసిందీ సూర్యప్రకాషే. కాగితం పట్టుకుని సెక్టర్ 6 లోని నరసింగరావు క్వార్టరుకు వచ్చాడు.

"ఇయన్నీ ఎందుకు బాబూ, ఒగ్గేయండి. నా ఒంట్లోంచి పోయిందేటీ లేదు కదా," అన్నాడు నరసింగరావు.

ఇంత మంచివాడినా మోసం చేశారని సూర్యప్రకాష్ కరిగిపోయాడు. సంతకం పెట్టకపోతే డాక్టరుతో కుమ్మక్కయ్యావని కంపెనీ అనుమానిస్తుందని కూడా చెప్పాడు. నరసింగరావు సంతకం పెట్టాడు.

అతని భార్య సింహాచలమ్మ తమ్ముడు రమణకు హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో లేతు మిషను ఉంది. ఆర్నెల్లుగా అతను బరువు పనులు మానేసి అక్క ఇంట్లోనే ఉంటూ బావ వెంట నీడలా తిరుగుతున్నాడు. బావ బాధ తన బాధ అనుకునే బావమరిదిని చూసి కాలనీ మురిసిపోయింది. పాపం, విచారణ రోజునే అతనికి జ్వరం తగిలింది.

సంఘంలో ఐదుగురు పెద్దలు. పొద్దున్న డాక్టరును పిలిచారు.

"ఆ పేషెంటును ఒక్కసారి నా ఎదుట నిలబెట్టండి. నేను అడిగేది ఇంతే," అంది రజనీకుమారి.

కుదరదన్నారు. నిందితురాలి ఎదుట నిలబెడితే బాధితుడు బెదిరిపోతాడట, న్యాయం దెబ్బతింటుందట. మధ్యాహ్నం నరసింగరావును వెనక గుమ్మంలోంచి తీసుకొచ్చి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఎంతో మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడిగి పంపేశారు. తర్వాత ఆపరేషనుకు ముందువీ తర్వాతవీ కలిపి మూడు స్కానింగులూ పదకొండు పేపరు కటింగులూ ముందేసుకుని కూర్చున్నారు. కటింగులే ఎక్కువ ఉన్నాయి కాబట్టి వాటినే నమ్మారు.

లైసెన్సు రెండేళ్ళు సస్పెండు. రజనీకుమారి బెంచీ మీదే కూర్చుని ఆ కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. అప్పుడు ఆమెను చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. సూర్యప్రకాష్ ఫోటో తీసుకున్నాడు.

సాయంత్రం సింహాచలమ్మ విలేకరులకు టీలిచ్చి పంపి, తలుపు గడియ పెట్టింది. నరసింగరావు ఫ్యాను కింద కూలబడ్డాడు.

"ఆ డాక్టరమ్మ ఉసురు మనకి తగుల్తాది," అన్నాడు.

జ్వరం తగ్గిన రమణ దురదగా ఉందంటూ అక్కను కొబ్బరినూనె అడిగాడు.

ఆమె ఇచ్చిన నూనెను, చొక్కా ఎత్తి, బావ మెడికల్ కార్డు చూపించి రజనీకుమారి చేత చేయించుకున్న ఆపరేషన్ తాలూకు జానెడు మచ్చకు రాసుకున్నాడు.