ఎన్నడుగులుందండి?

తెర మీద సూర్యుడు పైకొస్తున్నాడు. కింద గోదావరి, దాని మీద తెరచాప పడవ. వెనకాల వేణువు.

గణేష్‌బాబు ఆరు వారాలు కూర్చుని చేసిన వెబ్‌సైటు అది. రాజమండ్రి గురించి రాజమండ్రిలో తయారైన మొట్టమొదటి సైటు తనదేనని దానవాయిపేటలో తన ఇంటర్నెట్ సెంటర్ గోడకి అట్ట మీద రాసి మరీ తగిలించాడు.

ఫోన్ లైను మీద ఆ పడవ ఒడ్డు చేరడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మంచి వస్తువు చూడాలంటే ఓపికుండాలని అతని సిద్ధాంతం.

హారతి అతని దగ్గరే మూడు నెలలు కోడింగ్ నేర్చుకుంది. ధవళేశ్వరం పిల్ల. వరద మొదలైన రోజున ఫోన్ చేసింది.

"సార్, మీ సైట్లో ఓ మూల నాకో పేజీ ఇస్తారాండి?"

ఇచ్చాడు. మూలనే కదా అనుకున్నాడు.

ఆమె పేజీలో పడవ లేదు, పాట లేదు, అసలు రంగే లేదు. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు. టైమెంత, ఆనకట్ట దగ్గర నీరెన్ని అడుగులు, పెరుగుతోందా తగ్గుతోందా. అంతే.

గంటకోసారి సైకిలేసుకుని వెళ్ళి నీటిమట్టం చూసొచ్చి, ఇంట్లో పాత కంప్యూటర్లోంచి అంకె మార్చేది. తెలుగు ఫాంటు దింపుకునే తీరిక వరదలో ఎవరికుంటుందని, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది.

"ఇదేం పేజీ అమ్మా, రేషన్ షాపు బోర్డులా ఉంది!" అని గణేష్‌బాబు పడీపడీ నవ్వాడు.

నాలుగో రోజుకి ఆ నవ్వు పోయింది.

సెంటర్లో ఎనిమిది కంప్యూటర్లుంటే ఎనిమిదింటిలోనూ రేషన్ షాపు బోర్డే. హైదరాబాదు నుంచి, కువైట్ నుంచి మెయిళ్ళు. అన్నీ హారతిగారికి థాంక్సండి అనే.

పడవ గురించి ఒక్కటే వచ్చింది. "అది తీసేస్తారాండి, అడ్డంగా ఉంది" అని.

ఆ రోజు గణేష్‌బాబుకి అన్నం సయించలేదు. నేర్పింది తను. చోటిచ్చింది తను. పేరు మాత్రం ఆవిడగారిది! కడుపు మండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, సర్వరు అద్దెకిచ్చిన కంపెనీ నుంచి మెయిలొచ్చింది. ఈ నెలకి సైటుకిచ్చిన వాడకం కోటా సాయంత్రానికి అయిపోతుందట. అయిపోతే సైటు మొత్తం మూతపడుతుందట.

ఏదో ఒకటి దించాలి.

పడవ బరువు ముందు హారతి పేజీ ఏనుగు ముందు చీమ. ఆ సంగతి అతనికి తెలియక కాదు.

అయినా జనమంతా వస్తున్నది ఆ పేజీ కోసమే కదా, అది లేకపోతే ఎవరూ రారు, ఎవరూ రాకపోతే వాడకమే ఉండదు అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. ఏడుపుగొట్టుతనానికి కారణాలు దొరక్కపోవడం అంటూ ఉండదు.

రెండుంబావుకి హారతి పేజీని తన కంప్యూటర్లోకి లాగి, సైట్లోంచి దించేశాడు.

హాయిగా అనిపించింది. టీ తెప్పించుకుని తాగాడు.

రెండున్నరకి పల్లంరాజు తడిసిన గొడుగుతో లోపలికొచ్చాడు. గోదారి మధ్య లంకలో రైతు. తమ్ముడు గేదెలతో లంకలోనే ఉండిపోయాడు. ఈయన రోజూ ఇక్కడ అంకె చూసి, పక్కనున్న ఎస్టీడీ బూత్ నుంచి తమ్ముడికి చెబుతాడు.

"పేజీ లేదంటోందేంటండి?" అన్నాడు ఓ కంప్యూటర్ ముందు కూర్చుని.

"ఏదో ప్రాబ్లమండి."

"పోనీ మీ దాంట్లో చూపించండి. అదీ గోదారేగా."

గణేష్‌బాబు తన సైటు తెరిచాడు. సూర్యుడొచ్చాడు. పడవ బయల్దేరింది.

పల్లంరాజు బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగాడు.

"ఎన్నడుగులుందండి?"

పడవ ఇంకా నది మధ్యలోనే ఉంది.

"తమ్ముడు ఫోన్ దగ్గర కూర్చున్నాడండి. గేదెల పలుపులు విప్పేసి ఒడ్డుకొచ్చెయ్యమనాలా, ఇంకాసేపు చూడమనాలా? పొద్దున్న పద్నాలుగుంది. ఎంతుందో చెప్పండి బాబూ, చాలు."

తన సైట్లో ఏమేమున్నాయో గణేష్‌బాబు గుర్తు చేసుకున్నాడు. స్నానఘట్టాలున్నాయి. పుష్కరాల ఫొటోలున్నాయి. పూతరేకులెలా చేస్తారో ఉంది.

నీళ్ళెన్ని అడుగులో లేదు.

గబగబా తన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. పడవని, సూర్యుణ్ణి, వేణువుని ఒకేసారి తుడిచేశాడు. సైటు తెరవగానే కనపడేలా హారతి పేజీ ఎక్కించాడు. మూడు సెకన్లలో ఎక్కేసింది.

ఎంత తేలిగ్గా రాసిందో అనుకుంటే, ఆ కంగారులోనూ మళ్ళీ కడుపు మండింది.

"రెండింటికి పదిహేనున్నరండి. పెరుగుతోంది."

పల్లంరాజు గొడుగు వదిలేసి బూత్‌లోకి పరిగెత్తాడు. ఒకసారి చేశాడు. మళ్ళీ చేశాడు. రిసీవరు చెవికి పెట్టుకునే తలుపు తోసి ఇటు చూశాడు.

"మోగుతోందండి. ఎవరూ ఎత్తట్లేదు."

అప్పుడే సెంటర్లో ఫోను మోగింది. హారతి.

"సార్, ఇందాక కాసేపు నా పేజీ రాలేదటండి. కువైట్ నుంచి మెయిల్ పెట్టారు. నా కోడ్‌లో తప్పేమన్నా ఉందాండి?"

బూత్ అద్దం వెనకాల పల్లంరాజు మళ్ళీ నంబరు తిప్పుతున్నాడు.

"నీ కోడ్‌లో లేదమ్మా" అన్నాడు గణేష్‌బాబు.

"హమ్మయ్య! ఆ కాసేపట్లో ఎవరికన్నా ఏమన్నా అయ్యుంటే నా వల్లేనని జన్మంతా కుమిలిపోదునండి" అంది ఆ పిల్ల.